అన్నకు సరిపడే కారం

మదనపల్లె
ఫిబ్రవరి 4

నవనీత వదినకు,

హేమలత రాసేది. బాగుండావా అని అడగను, నిన్ననే గదా సూసుకుంటిమి. ఫోన్ చేస్తే అన్న పక్కనే ఉంటాడు వద్దంటివి, అందుకే ఈ వాట్సాప్‌లోనే జాబు మాదిరి కొడతాండాను. తప్పులుంటే సర్దుకో. నేను టైపు చేసేది మిషన్లో మిరక్కాయలు పోసినట్టే, గబగబా.

వదినా, నిన్న అట్ల యాల అయింది? పన్నెండేండ్లకు మా అన్న నా చేతి కూడు తినేదానికి వచ్చినాడు. ఈడ మా అత్తామామల ఇంట్లో, చౌడేపల్లె సుబ్రహ్మణ్యం చిన్నాయన మద్దెన కూచోని, మన పెద్దోళ్ల పద్దతి తప్పకుండా సంగటి ముద్ద రెండుగా తుంచి సగం అన్నకు, సగం నాకు పెట్టె. తెగిపోయిన రెండిండ్లు మల్లా కలవాలంటే అంతే గదా. అన్న ఆ సగం ముద్ద పూర్తిగా తినేస్తే సాలు, నేను శరత్‌ను చేసుకున్న రోజు తెగిన రాకపోకలు అతుక్కున్నట్టే. రెండు కడులు తినె. మూడో కడి పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నాడో లేదో, "కారం" అని లేచి చెయ్యి కడుక్కునె. చిన్నాయన ఆకు సూసి, "ముద్ద మిగిలింది. ఇది లెక్కకు రాదు" అనేసె.

తప్పు నాదే. ఏడేండ్ల నుంచి పుంగనూర్లో కారం మిషన్ కాడ కూచోని కూచోని నా నాలుక సచ్చిపొయ్యింది. ఉప్పు తెలస్తాది, పులుపు తెలస్తాది, కారం మటుకు నాకు ఎక్కువా తక్కువా తెలీదు. మా ఇంట్లో శరత్ ఉండాడంటే ఆ మనిసి గడ్డి పెట్టినా "బాగుండాది" అంటాడు. మా అత్త ఎలిజబెత్తమ్మ నిన్న రెండుసార్లు పోయించుకోని "కారమేం లేదు కదమ్మా" అనె. ముప్పై ఏండ్లు నర్సు పని చేసిన మనిసి, జబ్బోళ్లకు ధైర్యం సెప్పి సెప్పి అలవాటు. నన్ను ఓదార్చేదానికే అంటాది.

నీకు తెలుసు గదా నేను యాల ఇంత పాకులాడేది. జెస్సికా పెద్దమనిసి అయింది. మే నెల సెలవుల్లో ఫంక్షన్ పెట్టుకుండాము. మేనమామ చీర పెట్టకుండా ఏం ఫంక్షన్ వదినా అది? దానికి ఉండేది ఒక్క మామ.

అన్న దోవలో ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు సెప్పు. కోపం మింద పోయినాడా?

నీ హేమ


కుప్పం
ఫిబ్రవరి 7

హేమా,

మేము బాగుండాము. రాసేదానికి ఆలీశం అయింది, ఏమనుకోవద్దు. పట్టుపురుగులు పొర ఇడిసే జొరం లేస్తాండాయి, మల్బరీ ఆకు కోసేదానికే పొద్దు సరిపోతాండాది.

కోపం ఏం లేదు. కారమే. మీ అన్నకు ఈ మద్దెన గ్యాస్ ట్రబులు. బస్సులో వస్తావస్తా రెండు బాటిళ్లు నీళ్లు తాగినాడు. మా పిల్లోడు లోకేష్ మటుకు మూడుతూర్లు పెట్టించుకున్నాడంట, వాంది వయసు.

కొంచెం తగ్గించి చెయ్యి. ఇంకోతూరి వస్తాము.

వదిన


పుంగనూరు
ఫిబ్రవరి 10

వదినకు,

నీ జాబు సదివినాక నాకు కడుపు నిండింది. కారమే అయితే అదేం పెద్ద పని? కారం అమ్మేదాన్ని, కారం తగ్గించలేనా!

అంగట్లో ఎవురొచ్చినా ఇదే అడగతాండాను. టీచర్ వెన్నెలమ్మ ధనియాలు పట్టించేదానికి వచ్చి, "పులుసు దించేముందు కొబ్బరిపాలు పొయ్యి, మంట అణిగిపోతాది" అనె. ఇంకొకామె ఉర్లగడ్డ వెయ్యి, కారం పీల్చుకుంటాదనె. పెండ్లిండ్లకు వంట చేసే గంగులయ్య మాస్టరు లేడా, ఆయన మటుకు నవ్వె. "కారం ఎక్కువైతే నీళ్లు పోసేది చేతకానోళ్లు, బెల్లం వేసేది బాపనోళ్లు. మనం సెనక్కాయలు వేంచి నున్నగా నూరి కలపాల" అనె. నేను అన్నీ చేస్తి. బెల్లం ఒక్కటి వెయ్యలేదు. కోడి పులుసులో బెల్లం వేస్తే అన్న మల్లా ఇంకో పన్నెండేండ్లు రాడు.

అసలు కాయే మార్చేస్తి వదినా. గుంటూరు కాయ మానుకోని బ్యాడిగ కాయ పట్టిచ్చినా. రంగు ఎర్రగా భయపెడతాది గానీ లోపల సాధువు. మన శరత్ మాదిరి.

ఈ పొద్దు మద్యాన్నం బస్సుకు ఒక తెల్ల డబ్బా ఇస్తాండాను. నువ్వు కుప్పం బస్టాండులో కండక్టరును అడిగి తీసుకో. అన్నకు రుచి సూపించు. పెద్దోళ్ల ఎదురుగా కూచోని కాదు, ఇంట్లో, ఊరికే. నా నాలుక పనికిరాదు గదా, ఇకమింద అన్న నాలుకే నా తక్కెడ.

హేమ


కుప్పం
ఫిబ్రవరి 15

హేమా,

డబ్బా అందింది. మీ అన్న రుచి సూసినాడు. ముందుకంటే మేలు అన్నాడు. అయినా గొంతులో పట్టుకుంటాండాదంట. ఇంకొంచెం తగ్గించు.

డబ్బా కడిగి రేపటి బస్సుకు పంపిస్తా.

వదిన


పుంగనూరు
ఫిబ్రవరి 20

వదినకు,

"మేలు" అన్నాడా? అన్న నోట్లోంచి నా వంటకు ఆ మాట వచ్చిందా? నేను శరత్‌కు నాలుగుసార్లు సదివి వినిపిస్తి. ఆయప్ప "సంతోషం" అనేసి ల్యాబ్‌కు పాయె. కాలేజీలో సీసాలు కడిగి కడిగి ఆయనకు మాటలు కూడా కడిగేసినట్టు వస్తాయి.

ఒకటి మటుకు నాకు అర్థం కాలేదు వదినా. అన్న సిన్నప్పుడు చేన్లో పచ్చిమిరక్కాయలు కొరుక్కోని సద్ది సంగటి తినేటోడు. నేను ఒకటి కొరికి ఏడస్తే, నా నోట్లో ఉప్పుగల్లు పెట్టి "ఊదు, ఊదు" అనేటోడు. ఆ మనిసికి ఇప్పుడు బ్యాడిగ కాయ గొంతులో పట్టుకుంటాదా? వయసు అట్ల చేస్తాదేమో. నాకూ కీళ్లు పట్టేస్తాండాయి లే.

జెస్సికా నిన్న అడిగె. "అమ్మా, మామ చీర ఏ రంగు తెస్తాడు?" అని. నేను "నీకు ఏ రంగు కావాల?" అంటి. "మామకు ఏ రంగు ఇష్టమో అది" అనె. సూడు, ఆ దినం మదనపల్లెలో ఒక పూట సూసింది మామను, అంతే. దాని స్కూల్లో పిల్లోళ్లంతా మా మామ బైకు కొనిచ్చినాడు, మా మామ బెంగుళూరు పిలుచుకోని పోయినాడు అని సెప్పుకుంటా ఉంటారంట. ఇది మామ ఫోటో అడగతాది. పంపు వదినా ఒకటి, అన్నకు తెలీకుండా తీసి.

రెండో డబ్బా పంపుతాండాను. ఈ తూరి కారం సగానికి సగం. పెరుగు సిలికి పోసినా.

హేమ


కుప్పం
మార్చి 3

హేమా,

డబ్బా అందింది. ఇంకా మంటగానే ఉండాదన్నాడు. తప్పుగా అనుకోవద్దు, నువ్వు బాగానే చేస్తాండావు.

ఈ నెల మేము వచ్చేదానికి కుదరదు. కొత్త పంట పురుగులు నాలుగో జొరంలో ఉండాయి. ఇది లేస్తే గూడు కట్టేదాకా రాత్రీ పగలూ ఆకు వేస్తానే ఉండాల. షెడ్డు దగ్గర తాళింపు కూడా వెయ్యకూడదు, ఆ ఘాటుకు పురుగు సచ్చిపోతాది. మేము పది దినాల నుంచి మజ్జిగన్నమే.

ఫోటో పంపలేదని కోపగించుకోవద్దు. దొరకలేదు.

వదిన


పుంగనూరు
మార్చి 12

వదినకు,

పురుగుల పని అయిపోయిందా? పురుగు కన్నా నువ్వే ఎక్కువ సన్నబడి ఉంటావు.

ఇది మూడో డబ్బా. ఈ తూరి నేను కారం వెయ్యాలంటే ఒట్టి చెంచా సూపించినట్టు సూపించి తీసేస్తి. మా అత్త మదనపల్లె నుంచి వచ్చి ఉండె. రుచి సూసి, "హేమా, ఇది ఆపరేషన్ అయినోళ్లకు మూడో దినం పెట్టే కూర" అనె. కూడా వచ్చిన మా మామ జయరత్నం గారయితే ప్రార్థన చేసి తినబోయి, ఒక కడి తిని, మల్లా కండ్లు మూసుకునె. ఇంకోతూరి ప్రార్థన చేస్తాండాడేమో అనుకుంటి. నవ్వు ఆపుకుంటాండాడు మనిసి! అందరం ఒకటే నవ్వడం. నవ్వి నవ్వి నాకు కండ్లలో నీళ్లొస్తే జెస్సికా, "కారం లేకుండా కూడా అమ్మకు నీళ్లొస్తాండాయి" అనె.

మీ కుప్పం బస్టాండులో టీ అంగడి శివకుమార్‌కు సెనక్కాయ ఉండలు పంపాల, అదీ ఇదే బస్సుకు వేస్తాండాను. ఆయప్ప నా కాడ నెలకు రెండుసార్లు తెప్పిస్తాడు. రెండూ ఒకే మాదిరి తెల్ల డబ్బాలు, చీటీ సూసి తీసుకో.

ఈ తూరి అన్నకు ఎట్లుండాదో గబుక్కున సెప్పు. ఏప్రిల్ మొదట్లో చిన్నాయనను మల్లా పిలిపించి, ఆ మిగిలిపోయిన సగం ముద్ద తినిపించేస్తే, మే నెలకు అడ్డం ఉండదు.

హేమ


కుప్పం
మార్చి 14

హేమా,

డబ్బా తీసుకున్నా. ఈ తూరి చానా మేలు. మీ అన్న సగం గిన్నె తిన్నాడు. బాగుండాదనే అన్నాడు. సివర్లో మటుకు కొంచెం మంట తగిలిందంట. ఇంకొక్క పిసరు తగ్గిస్తే సరిపోతాది.

వదిన


పుంగనూరు
మార్చి 15

వదినా,

నిన్న సందేళ టీ అంగడి శివకుమార్ ఫోన్ చేసె. "అక్కా, ఉండలు పంపమంటే కోడి పులుసు పంపినావు" అనె. నేను బస్టాండులో హడావిడిగా చీటీలు కట్టేటప్పుడు ఒకదాంది ఒకదానికి కట్టేసి ఉండాను. "పొరపాటయింది శివా" అంటే, "పొరపాటేం లేదక్కా, నేనూ నా పెండ్లామూ ఊడ్చేస్తిమి. కారం మటుకు బొత్తిగా లేదు, సప్పిడి. ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?" అని అడిగె.

అంటే మీ ఇంటికి వచ్చింది సెనక్కాయ ఉండలు.

అన్న సెనక్కాయ ఉండలు సగం గిన్నె తిన్నాడా వదినా? బెల్లం ఉండలో మంట తగిలిందా? ఇంకొక్క పిసరు ఏం తగ్గించమంటావు, బెల్లమా, సెనక్కాయలా?

నేను నెల దినాల నుంచి అంగడి మూసేసి, ఇంటికి పోయి, ఒక్కొక్క చెంచా తూచి తూచి వండతాండాను. ఎవురికి?

హేమలత


కుప్పం
మార్చి 19

హేమా,

ఈ పొద్దు మీ అన్న గూళ్లు వేసుకోని పట్టు మార్కెట్టుకు పోయినాడు, అందుకే రాస్తాండా.

నువ్వు పంపిన కూర మీ అన్న తినలేదు. ఒక్క డబ్బా కూడా. మొదటిది ఇంటికి తెచ్చినా. మూత తియ్యకముందే "యాడిది ఇది?" అన్నాడు. సెప్పినా. "ఆ ఇంటి కుండలోది నా ఇంట్లోకి తేవద్దు" అనేసి షెడ్డుకు పోయినాడు. నేను డబ్బా ఎత్తుకోని మల్లా బస్టాండుకు పోయి, బెంచీ మింద కూచోని, సంచిలో నుంచి ఒక బన్ను తీసుకోని, నంచుకోని తినేసినా. పారేసేదానికి చేతులు రాలేదు. రెండోది కూడా అంతే, అదే బెంచీ మింద. కొళాయి కాడ డబ్బా కడిగి కండక్టరు చేతికి ఇచ్చేసినా. మూడోది తీసుకునే దినం ఆడ మా వాళ్లు ఎవురో కనిపిస్తే, మూత కూడా తియ్యకుండా ఒక ముసలామెకు ఇచ్చేసి వచ్చినా. అందుకే నీకు దొరికిపోయినా.

ఆ రెండు డబ్బాల్లోనూ కారం లేదు హేమా. మొదటి దినం మదనపల్లెలో కూడా లేదు. నేనూ అదే కూర తింటి గదా. మన చౌడేపల్లె ఇంట్లో మీ అమ్మ చేసిన మాదిరే ఉండె.

మీ అన్న ఆ దినం బస్సులో ఏమన్నాడో అడిగినావు. ఇప్పుడు సెప్తా. "చర్చి మిషన్ కాంపౌండోళ్ల పొయ్యి మింద ఉడికింది, గొంతు దిగలేదు. పెద్దోళ్ల ముందర ఏం సెప్పేది, కారం అంటి" అన్నాడు. అంతే.

నేను యాల అబద్ధం సెప్తినో నన్ను అడగతావు. కారం అంటే నువ్వు తగ్గిస్తావు. తగ్గించుకుంటా పోతా ఉంటే దినాలు గడస్తాయి, ఈలోపల మీ అన్న మనసు మారొచ్చనుకుంటి. అసలు సంగతి సెప్తే నువ్వు ఏం తగ్గిస్తావు సెప్పు?

నన్ను తిట్టు. పడతా.

నవనీత


పుంగనూరు
మార్చి 19

సదివినా.

మా అత్త ఆ దినం ఉన్నమాటే సెప్పింది. నేను మా అత్తను నమ్మకుండా మా అన్నను నమ్మితి. నిన్న ఆమె ఫోన్ చేసి, "కూర కుదిరిందా అమ్మా, మీ అన్నకు నచ్చిందా?" అని అడిగితే, ఫోన్ శరత్ చేతికి ఇచ్చేస్తి.

నిన్ను తిట్టను. బస్టాండులో ఒక్కదానివే కూచోని తిన్న దాన్ని ఏమని తిట్టేది? నీ మింద కోపం వస్తాండాది, ఆ బెంచీ తలుచుకుంటే పోతాండాది, మల్లా వస్తాండాది.

కొన్నాళ్లు రాయొద్దు.


కుప్పం
ఏప్రిల్ 20

హేమా,

రాయొద్దంటివి. అయినా రాస్తాండా, అవసరం వచ్చింది.

చౌడేపల్లె చిన్నాయన మా ఇంటికి వచ్చినాడు. డబ్బాల సంగతి ఆయనకు నేను సెప్పలేదు. ఆయనే మీ అన్నతో, "రాజేంద్రా, ముద్ద సంగతి వదిలెయ్. ఆడబిడ్డ ఫంక్షన్‌కు మేనమామ పోకపోతే నలుగురూ అనేది ఆ పాపను గాదు, నిన్ను" అన్నాడు. మీ అన్న ఒప్పుకున్నాడు. చీర ఆయనే తెస్తాడు. పాపకు పెడతాడు.

ఒక మాట ఉండాది. వంట బయట మనిసి చేత చేయించాలంట. వంటమాస్టరును పెట్టి, బాడిగ పాత్రల్లో, పందిట్లో పొయ్యి పెట్టి. మీ ఇంట్లో కుండ గానీ గరిటె గానీ తగలకూడదంట. అట్లయితే కూచోని అందరితో పాటు తింటాడంట. వడ్డించేది కూడా వంటోళ్లే.

ఈ మాట నేను రాయాల్సి వచ్చినందుకు నాకు సిగ్గుగా ఉండాది. నువ్వు వద్దంటే, కుదరలేదని నేను సెప్పుకుంటా. ఇంకో అబద్ధం సెప్పేది నాకు పెద్ద కష్టం గాదు.

నవనీత


పుంగనూరు
ఏప్రిల్ 22

వదినా,

రెండు దినాలు ఆలోచిస్తి. శరత్ తల అడ్డంగా ఊపె. "మా అమ్మ పొయ్యి దాటి రాలేనోడు మన గడప దాటి యాల రావాల?" అనె. పన్నెండేండ్లలో ఆ మనిసి మా అన్న మింద అన్న మొదటి మాట.

నాకూ అదే నోటికి వచ్చె. వద్దని రాసేసి, తుడిపేసి, మల్లా రాసి, మల్లా తుడిపేస్తి. అప్పుడే జెస్సికా వచ్చి పక్కన కూచునె. దానికి ఇదేం తెలీదు. "మామ వస్తాండాడంట గదా, చిన్నతాత ఫోన్లో సెప్పినాడు" అని దాని మొగం ఎట్లుండాదో నీకు రాసి సూపించలేను.

రమ్మను. గంగులయ్య మాస్టరుకు సెప్పేస్తి. బాడిగ పాత్రలకు అడ్వాన్సు ఇచ్చేస్తి. పందిరి ఇంటి ముందర కాకుండా ఎదురు ఖాళీ జాగాలో వేయిస్తాండా, మా పొయ్యి పొగ కూడా అటు పోకుండా. ఈ ముక్క అన్నకు సెప్పు, సంతోషపడతాడు.

మా అత్తకు మటుకు ఎట్ల సెప్పాలో తెలీలేదు. సివరికి, "జనం ఎక్కువ అత్తా, మన చేత కాదు" అంటి. ఆమె "అవునమ్మా" అనేసి కండ్లద్దాలు తుడుచుకునె. ఆమెకు తెలిసిపోయినాది. సూడు వదినా, నీ కాడ నేర్చుకున్న విద్య నాకూ వచ్చేసె.

హేమ


పుంగనూరు
మే 12

నవనీత వదినకు,

నువ్వు రాలేదు. కొత్త పంట పురుగులు షెడ్డులో ఉండాయి, ఒకరు ఇంట్లో ఉండాల అని అన్న సెప్పె. కాబట్టి నిన్న జరిగింది నేనే రాస్తా.

అన్న తొమ్మిదికే వచ్చె. పాస్టర్ గారి ప్రార్థన అయ్యేదాకా పందిరి బయట వేపచెట్టు కింద నిలబడె. ఆనెక లోపలికొచ్చి చీర పెట్టె. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. నువ్వే ఎంచి ఉంటావు, అన్నకు అంత తెలీదు. జెస్సికా కాళ్లకు మొక్కితే తల మింద చెయ్యి పెట్టి, "బాగా సదువుకో" అనె. ఆ పిల్ల ఆ చీర రాత్రి పడుకునేదాకా విప్పలేదు. ఇంతవరకూ మంచిదే. ఇంతవరకే రాసి ఆపేస్తే నువ్వు కూడా సంతోషపడతావు. ఆపేదానికి మనసొప్పలేదు.

కూటికి కూచున్నారు. గంగులయ్య మాస్టరు నూటాయాభై మందికి వండె, సంగటి, కోడి పులుసు, అన్నం, చారు. పెద్ద వంట గదా, ఆయప్ప చెయ్యి ధారాళం. పంక్తిలో మొదటి కడికే మనుషులు బుస్సుమన్నారు. మా మామ చొక్కా గుండీ విప్పుకునె. పక్కింటి పిల్లోళ్లు నీళ్లకోసం ఏడుపు. ఎండుమిరక్కాయ కారం మాస్టరు మూడు కేజీలు యాడ కొన్నాడనుకుంటివి? నా అంగట్లోనే, నా మిషన్లో పట్టించిందే. ఆయనకు పొడి అమ్మేటప్పుడు "ఘాటు మాస్టరూ, సూసుకోని వెయ్యి" అని సెప్పినా కూడా.

అన్న తినె వదినా. మా అన్న ఆ పులుసు సంగటి ముద్ద మొత్తం అద్దుకోని తినె. కండ్లలో నీళ్లు కారతాండాయి, ముక్కు ఎగబీలస్తాండాడు, చెవులు ఎర్రబడిపోయినాయి. భుజం మింద తువ్వాలు తీసి మొగం తుడుచుకోని, ఇంకో ముద్ద పెట్టించుకునె. చిన్నాయన పక్కనుంచి "ఏమిరా, కారంగా ఉండాదా?" అనె, ఊరికే. అన్న తల ఎత్తకుండా, "లేదులే చిన్నాయనా, బాగుండాది" అనె.

నేను మూలన నిలబడి సూస్తాండాను. వడ్డించేది నేను కాదు గదా. కానీ ఆ కండ్లు సూసినాక నాకు నిలబడేదానికి కాలేదు. మనిసి ఊపిరి ఆడక అల్లాడతాండాడు. ఇంట్లోకి పోయి నెయ్యి గిన్నె తెస్తి. అది మా ఇంటి గిన్నె అని అప్పుడు నాకు గుర్తే లేదు. అన్న కాడ వంగి, "అన్నా, రెండు చుక్కలు వేసుకో, మంట తగ్గుతాది" అంటి.

అన్న నా మొగం సూడలేదు. గిన్నె సూసె. ఎడమ చెయ్యి తీసి ఆకు మింద అడ్డం పెట్టె.

అట్లనే వంగి నిలబడితి. అన్న చెయ్యి తియ్యలేదు, నేను గిన్నె ఎత్తలేదు. ఆయన కంట్లో నీళ్లు ఆయన చేతి మిందే పడతాండాయి. సివరికి మా అత్త వచ్చి, నా చేతిలో గిన్నె మెల్లగా తీసుకోని, పక్కాకులో ఏడస్తాండే పిల్లోనికి వేసేసి పాయె.

అన్న ఆకు ఊడ్చేసినాడు వదినా, ఒక్క మెతుకు మిగల్చలేదు. నువ్వు అడిగితే అదే సెప్తాడు.

హేమలత